పెరట్లో ఏ దుంప వేద్దాం? తొక్క రంగు కాదు, లోపలి రంగు చూడండి



పెరటి కూరగాయల గురించి మాట్లాడినప్పుడల్లా తల్లులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, మా పిల్లలు బంగాళాదుంప తప్ప వేరే కూర ముట్టరు. రోజూ కొనలేకపోతున్నాం. మా దొడ్లోనే వేసుకోవచ్చా? ఏ రకం అయితే బాగుంటుంది?"

మంచి ప్రశ్నే. పద్మనాభం, భీమిలి, ఆనందపురం వైపు ఊళ్ళలో ఇంటి వెనుక రెండు మూడు సెంట్ల ఖాళీ ఉన్న కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి. ఆ కాస్త నేలలో ఏం వేస్తున్నామన్నది పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా. అందుకని రకం పేరు చెప్పే ముందు రెండు సంగతులు ఆలోచిద్దాం. ఒకటి, మన గాలికి, మన నేలకు ఏ దుంప సరిపోతుంది? రెండు, మన పిల్లల కంచంలో ఏ పోషకం తక్కువగా ఉంది? ఈ రెండింటికీ కలిపి జవాబు వెదికితే బంగాళాదుంప కన్నా చిలగడదుంప ముందుకు వస్తుంది. అందులోనూ లోపల నారింజ రంగు ఉన్న రకం. ఎందుకో వివరంగా చూద్దాం.

బంగాళాదుంపకు కావలసింది చలి రాత్రి

బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. చల్లని కొండల మీద పుట్టిన పంట కనుక దానికి చలి అలవాటు. మొక్క ఎండలోనూ పచ్చగానే పెరుగుతుంది. కాని భూమిలో దుంప ఊరాలంటే రాత్రి వేడి 20 డిగ్రీల లోపు ఉండాలి. రాత్రులు వెచ్చగా ఉంటే ఆకు తయారు చేసిన పిండి పదార్థం దుంపలోకి దిగదు, మొక్క తన పెరుగుదలకే వాడుకుంటుంది. పైన పచ్చగా ఏపుగా కనిపిస్తుంది, తవ్వి చూస్తే గోళీకాయలంత దుంపలు దొరుకుతాయి. చాలామంది "విత్తనం మంచిది కాదు" అనుకుంటారు. లోపం విత్తనంలో కన్నా వాతావరణంలోనే ఎక్కువ.

సముద్రం దగ్గరగా ఉండడం వల్ల మనకు రాత్రులు అంత త్వరగా చల్లబడవు. ఇక్కడ 20 డిగ్రీలకు అటూ ఇటూగా చలి ఉండేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. అందుకే తెలుగువారి ప్రాంతాల్లో బంగాళాదుంప పేరు చెబితే జహీరాబాదు, మదనపల్లె, పుంగనూరు వంటి ఎత్తైన చోట్లు గుర్తొస్తాయి. మన వైపు అయితే అరకు, చింతపల్లి కొండలు. మైదానంలో ఉన్న మన పెరళ్ళకు ఆ అవకాశం రెండు నెలలకు మించదు.

అయినా పిల్లల సరదా కోసం ఒక చిన్న మడి వేస్తామంటారా? అయితే ఇలా ఎంచుకోండి.

సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలకు "కుఫ్రి" అనే పేరు ముందు ఉంటుంది. కుఫ్రి అనేది సిమ్లా దగ్గరి ఊరు. వీటిలో మనకు పనికొచ్చేవి త్వరగా ఊరేవి, కొంత వేడి తట్టుకునేవి మాత్రమే.

కుఫ్రి సూర్య: 2006లో విడుదలైంది. వేడిని తట్టుకునేలా తయారు చేసిన రకం. మిగతా రకాలకన్నా కాస్త వెచ్చని రాత్రుల్లోనూ దుంప కడుతుంది. మన వైపు మొదట ప్రయత్నించవలసింది ఇదే.

కుఫ్రి లౌకర్: 1972 నాటిది. దక్కన్ పీఠభూమి కోసం ఎంపిక చేశారు. త్వరగా దుంప ఊరడం దీని గుణం.

కుఫ్రి పుఖ్రాజ్: 1998లో వచ్చింది. ఇదీ త్వరగా చేతికి వస్తుంది. లోపల లేత పసుపు రంగు.

కుఫ్రి జ్యోతి: 1968 నుంచి దేశమంతటా పేరున్న రకం. కాని చలి ఉన్న చోటే దీని అసలు దిగుబడి.

ఏ రకమైనా నవంబరు మొదటి రెండు వారాల్లో నాటాలి. ఆలస్యమైతే దుంప ఊరే సమయానికి ఎండ వచ్చేస్తుంది. విత్తన దుంప కోడిగుడ్డు కంటే కొంచెం చిన్నదిగా ఉంటే కోయకుండా అలాగే నాటండి. పెద్దదైతే ప్రతి ముక్కకు రెండు కళ్ళు ఉండేలా కోసి, ఒక రోజు నీడలో ఆరనిచ్చి నాటండి. వంటింట్లో మొలకెత్తిన దుంపను నాటితే మొక్క వస్తుంది కాని తెగుళ్ళు కూడా దానితో రావచ్చు. నమ్మకమైన విత్తనం దొరికితే మేలు. మొక్క జానెడు ఎత్తు రాగానే మొదట్లో మట్టి ఎగదోయాలి. దుంపకు ఎండ తగలకూడదు. ఇది దిగుబడి కోసం మాత్రమే కాదు, మన ప్రాణ రక్షణ కోసం కూడా. దాని సంగతి చివర్లో చెబుతాను.

మన పెరటికి తగిన దుంప

చిలగడదుంపను కొన్ని చోట్ల గెనుసుగడ్డ అంటారు, కొన్ని చోట్ల కందగడ్డ, రత్నపురి గడ్డ అని కూడా అంటారు. పేరులో దుంప ఉన్నా బంగాళాదుంపకూ దీనికీ చుట్టరికం లేదు. బంగాళాదుంప వంగ, టమాటా కుటుంబం. చిలగడదుంప తూటికూర కుటుంబం. ఇది వెచ్చని నేలల పంట. మన ఇసుక కలిసిన ఎర్ర నేలల్లో హాయిగా పెరుగుతుంది. వాన తక్కువైనా ఓర్చుకుంటుంది. విత్తనం కొననక్కరలేదు, పొరుగింటి వారిని అడిగి నాలుగు తీగలు తెచ్చుకుంటే చాలు. తీగ నేలంతా కప్పేస్తుంది కనుక కలుపు తీసే పని కూడా తక్కువ.

దీనికి నీరు నిలవని నేల, రోజులో ఎక్కువ సేపు ఎండ కావాలి. కొబ్బరి, మామిడి నీడలో వేస్తే ఆకే వస్తుంది, దుంప రాదు. నీడ పెరడు ఉన్నవారు కంద, చేమ వేసుకోవడం మంచిది.

మనం చిన్నప్పటినుంచీ తిన్న చిలగడదుంప సాధారణంగా పైన ఎర్రగానో తెల్లగానో ఉండి, లోపల తెల్లగా ఉంటుంది. సంక్రాంతి కలగూరలో, ముక్కల పులుసులో వేసేది, శివరాత్రికి సంతలో కుప్పలు పోసేది ఎక్కువగా ఇదే. రుచికి, ఆకలి తీరడానికి లోటు లేదు. 100 గ్రాములకు సుమారు 100 కేలరీల శక్తి ఇస్తుంది. కాని పిల్లల కంటికి అవసరమైన విటమిన్ 'ఎ' విషయంలో తెల్ల దుంప దగ్గర దాదాపు ఏమీ లేదు. బంగాళాదుంపలోనూ లేదు. నారింజ రంగు దుంపలో అది దండిగా ఉంది.

లోపలి రంగుకూ కంటి చూపుకూ సంబంధం

క్యారెట్టుకు, గుమ్మడికి, బొప్పాయికి ఆ రంగు ఇచ్చేది బీటా కెరోటిన్ అనే పదార్థం. మనం తిన్న బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. మసక వెలుతురులో చూడడానికి కంటి వెనుక పొరకు ఈ విటమిన్ కావాలి. కంటి నల్లగుడ్డు తడిగా, నిగనిగలాడుతూ ఉండడానికి కావాలి. ఊపిరితిత్తుల లోపలి పొర, పేగు లోపలి పొర గట్టిగా ఉండి రోగాన్ని అడ్డుకోవడానికి కూడా కావాలి. అందుకే ఇది తక్కువైన పిల్లలకు విరోచనాలు, తట్టు వంటి జబ్బులు వచ్చినప్పుడు మామూలు కంటే ప్రమాదంగా మారుతాయి.

లోపం మొదలైందని తల్లి ఎలా గుర్తుపట్టాలి?

మొదటిది రేచీకటి. పగలంతా బాగా ఆడుకునే బిడ్డ దీపాలు పెట్టే వేళకు గుమ్మం తట్టుకుని పడుతుంటాడు. కింద పడిన బొమ్మ కోసం తడుముకుంటాడు. అమ్మ కొంగు వదలడు. చాలా ఇళ్ళలో దీన్ని "భయం" అనుకుంటారు, "పెంకితనం" అనుకుంటారు.

రెండోది, కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి చిన్న తెల్లని మచ్చ. 1863లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరు మీద బిటాట్ మచ్చ అంటారు.

మూడోది, కన్ను పొడిబారి నల్లగుడ్డు మసకబారడం. ఈ స్థితికి వస్తే గంటలు కూడా వృథా చేయకూడదు. నల్లగుడ్డు మెత్తబడి కరిగితే పోయిన చూపు తిరిగి రాదు. మొదటి గుర్తు కనబడినప్పుడే తీసుకువస్తే మాత్రం మందుతో కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది.

"ఈ రోజుల్లో ఇలాంటివి ఎక్కడున్నాయి?" అని అనుకోవద్దు. కన్ను పాడయ్యే స్థితి వరకు వచ్చేవారు పాత రోజులతో పోలిస్తే చాలా తగ్గిన మాట నిజం. కాని 2016–18 మధ్య దేశవ్యాప్తంగా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1 నుంచి 4 సంవత్సరాల పిల్లల రక్తం పరీక్షిస్తే సుమారు 18 శాతం మందికి విటమిన్ 'ఎ' తక్కువగా ఉంది. అంటే ప్రతి 11 మంది పిల్లల్లో ఇద్దరు. చూడడానికి వాళ్ళు ఆరోగ్యంగానే కనబడతారు.

ప్రభుత్వం 1970 నుంచి పిల్లలకు విటమిన్ 'ఎ' ద్రావణం ఇస్తోంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు, తర్వాత ప్రతి ఆరు నెలలకు రెండు లక్షల యూనిట్లు, ఐదేళ్ళ వరకు మొత్తం తొమ్మిది మోతాదులు. ఏ.ఎన్.ఎమ్. అక్క పిలిచినప్పుడు తప్పకుండా వేయించండి. పెరట్లో దుంప ఉందని మానేయవద్దు. ద్రావణం ఆరు నెలలకు ఒకసారి వచ్చే ఆదుకోలు. పెరటి పంట రోజువారీ భోజనం. రెండూ కావాలి.

ఆఫ్రికాలో మొజాంబిక్, ఉగాండా దేశాల్లో ఈ పద్ధతే పెద్ద ఎత్తున నడిచింది. అక్కడి పేదల ముఖ్య ఆహారం తెల్ల చిలగడదుంప. అక్కడి శాస్త్రవేత్తలు దాని స్థానంలో నారింజ రంగు రకాలను తల్లుల చేతికి అందించారు. ఈ పని చేసిన మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురికి, పంటల్లోనే పోషకాలు పెంచాలన్న ఆలోచనను ముందుకు నడిపిన హోవర్త్ బూయిస్‌కు కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. పెరటి దుంప రంగు మార్చడం చిన్న విషయం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఏ రకం ఎంచుకోవాలి?

చిలగడదుంప మీద మన దేశంలో ముఖ్యంగా పని చేస్తున్నది తిరువనంతపురంలోని కేంద్రీయ దుంప పంటల పరిశోధన సంస్థ. 1963లో మొదలైంది. దీని ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గరలోనే, భువనేశ్వర్‌లో ఉంది. అక్కడి రకాలలో మన అవసరానికి తగినవి ఇవి.

భూసోన: లోపల ముదురు నారింజ రంగు. 100 గ్రాముల దుంపలో సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. మామూలు రకాలలో ఇది 2, 3 మిల్లీగ్రాములకు మించదు, తెల్ల దుంపలో అదీ ఉండదు. పొలంలో హెక్టారుకు సుమారు 20 టన్నులు, అంటే చదరపు మీటరుకు 2 కిలోలు పండుతుంది. చిన్నపిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉన్న ఇంటికి మొదటి ఎంపిక ఇదే.

శ్రీకనక: ఇదీ నారింజ రంగే. 100 గ్రాములకు 9, 10 మిల్లీగ్రాముల వరకు బీటా కెరోటిన్. 75 నుంచి 85 రోజుల్లోనే తవ్వుకోవచ్చు. నీటి వసతి తక్కువ ఉన్నవారికి, మరో పంటకు మడి త్వరగా ఖాళీ కావాలనుకునేవారికి అనుకూలం.

గౌరి: 1998లో వచ్చిన రకం. లోపల నారింజ రంగు. నాలుగు నెలల లోపు చేతికి వస్తుంది.

భూకృష్ణ: లోపల ఊదా రంగు. ఇందులో ఉన్నది బీటా కెరోటిన్ కాదు, నేరేడు పండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం. అదీ మంచిదే కాని కంటి విటమిన్‌కు బదులు కాదు. ఉప్పు నేలను కొంత తట్టుకునే గుణం ఉంది కనుక బావి నీరు ఉప్పగా ఉండే సముద్రం వైపు ఊళ్ళవారు వేసి చూడవచ్చు.

శ్రీభద్ర: లోపల మీగడ రంగు. దీని విశేషం వేరే. వంగ, టమాటా వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులను ఇది తన వేర్లలోకి లాగుతుంది. అక్కడ అవి వృద్ధి చెందవు. కూరగాయల మడిలో ఆ బెడద ఉంటే ఒక పంట ఇది వేయడం నేలకు మంచిది.

ఈ పేర్లు దొరకకపోతే దిగులు పడవద్దు. సంతలో దుంప కొనేటప్పుడు గోటితో కొంచెం తొక్క గీరి చూడండి. పైన ఎర్రగా ఉన్నంత మాత్రాన లోపల నారింజ రంగు ఉంటుందని కాదు. తెల్లగా ఉండవచ్చు కూడా. లోపల నారింజ రంగు ఉన్న దుంప దొరికితే నాలుగు దుంపలు ఎక్కువ కొని, తడి ఇసుకలో సగం పూడ్చి, రోజూ కాస్త నీళ్ళు చల్లండి. వాటి నుంచి వచ్చిన మొలకలు జానెడు కాగానే తీసి నాటుకోవచ్చు. అసలు రకం తీగల కోసం మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను అడగండి. వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం వారు కూడా దారి చూపగలరు.

ఒకే రకంతో ఆగవద్దు. 1845లో ఐర్లండు దేశంలో పేదలు దాదాపు ఒకే రకం బంగాళాదుంప మీద బ్రతుకుతున్నారు. ఆకుమాడు తెగులు వచ్చి పంట కుళ్ళిపోయింది. తర్వాతి కొన్నేళ్ళలో ఆకలితో, జ్వరాలతో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మన పెరడు చిన్నదే అయినా ఆ పాఠం పనికొస్తుంది. ఒక బోదె భూసోన, ఒక బోదె శ్రీకనక, పక్కన ఇంట్లో పెద్దలకు ఇష్టమైన పాత తెల్ల రకం కొంచెం. ఒకదానికి దెబ్బ తగిలినా మరొకటి మిగులుతుంది.

నాటే పద్ధతి

సమయం: తొలకరి వానలకు జూన్, జూలైలో ఒకసారి. మళ్ళీ అక్టోబరు, నవంబరులో ఒకసారి.

నేల: పారతో అడుగు లోతు తవ్వి, బాగా చివికిన గెత్తం కలిపి, రెండడుగుల దూరంలో బోదెలు వేయండి. పచ్చి గెత్తం వద్దు. యూరియా ఎక్కువ వేస్తే తీగ పెరుగుతుంది, దుంప ఊరదు. పొయ్యి బూడిద కొంచెం చల్లితే దుంపకు మంచిది.

తీగ: ముదురు తీగ కాకుండా కొన వైపు జానెడు ముక్కలు కోయండి. ఒక్కో ముక్కకు మూడు నాలుగు కణుపులు ఉండాలి. ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, బోదె మీద జానెడుకు ఒకటి చొప్పున, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. మొదటి పది రోజులు రోజు విడిచి రోజు నీళ్ళు పోయండి. తర్వాత వారానికి ఒకసారి చాలు.

సాగు: నెల రోజులకు, రెండు నెలలకు మట్టి ఎగదోయండి. పాకిన తీగను అప్పుడప్పుడు ఎత్తి అటు ఇటు వేయండి. లేకపోతే ప్రతి కణుపు దగ్గరా వేరు దిగి, అసలు దుంపకు చేరవలసిన బలం చెదిరిపోతుంది.

తవ్వడం: రకాన్ని బట్టి 80 నుంచి 120 రోజులకు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఒక దుంప కోసి చూడండి. కోసిన చోట పాలు త్వరగా ఆరిపోతే ముదిరినట్టు. నల్లబడి పచ్చగా మారితే మరో వారం ఆగండి.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు మడి సుమారు 9 చదరపు మీటర్లు. పొలంలో వచ్చినంత రాకపోయినా, అందులో సగం వచ్చినా 9 కిలోలు. ఇద్దరు పిల్లలకు వారానికి మూడు రోజులు, తలా 100 గ్రాముల చొప్పున పెడితే 15 వారాలు వస్తుంది. ఏడాదికి రెండు పంటలు వేస్తే పిల్లల కంటికి కావలసిన పోషకంలో పెద్ద భాగం ఆ మడిలోనే ఉంది.

ముక్కు పురుగుతో జాగ్రత్త

చిలగడదుంపకు అసలు శత్రువు ముక్కు పురుగు. పొడవాటి ముక్కు, చీమలాంటి శరీరం ఉంటుంది. నేల బీటలు వారినప్పుడు ఆ సందుల్లోంచి దుంప దగ్గరకు చేరి గుడ్లు పెడుతుంది. పురుగులు దుంపను తొలిచేస్తాయి. ఆ దుంప చేదుగా, దుర్వాసనగా ఉంటుంది. బీటలు మూసేలా మట్టి ఎగదోయడం, పురుగు లేని తీగలే నాటడం, ముదిరిన పంటను నేలలో వదిలేయకుండా తవ్వేయడం, ఒకే మడిలో వెంట వెంటనే వేయకపోవడం, ఈ నాలుగూ పాటిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు.

పురుగు తొలిచిన దుంపను "ఆ ముక్క తీసేసి వండేద్దాం" అనుకోవద్దు. ఆ గాయానికి దుంప తనలో చేదు విష పదార్థాలు తయారు చేసుకుంటుంది. అవి ఉడకబెట్టినా పోవు. బూజు పట్టిన దుంపను పశువులకు కూడా వేయకండి. వాటి ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయే ప్రమాదం ఉంది. దూరంగా గోతిలో పూడ్చేయండి.

వండడం, పెట్టడం

తొక్క తీయకుండా కడిగి, మూత పెట్టి ఉడికించండి. తర్వాత తొక్క తీయండి. ఇలా చేస్తే బీటా కెరోటిన్ ఎక్కువ మిగులుతుంది. ముక్కలు కోసి ఎండలో ఆరబెట్టి దాచుకుంటే చాలా పోతుంది.

బీటా కెరోటిన్ నీటిలో కాదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉడికిన దుంపలో అర చెంచా నెయ్యి గాని నూనె గాని కలపాలి. ఏమీ లేకుండా ఉత్త దుంప పెడితే శరీరానికి అందేది తక్కువ.

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు మెత్తగా మెదిపి రెండు చెంచాలతో మొదలు పెట్టండి. ఏడాది దాటిన పిల్లలకు 50 నుంచి 100 గ్రాములు, అంటే బిడ్డ పిడికిలంత ముక్క చాలు. భూసోన వంటి ముదురు రంగు దుంప అయితే ఆ రోజుకు కావలసిన విటమిన్ 'ఎ' అందులోనే వస్తుంది. లేత నారింజ రంగు అయితే 125 గ్రాముల వరకు పెట్టండి. పప్పులో, ముక్కల పులుసులో, బెల్లంతో, చపాతీ పిండిలో కలిపి, పిల్లలకు నచ్చిన రీతిలో ఇవ్వండి. అయితే ఇందులో మాంసకృత్తులు తక్కువ. పప్పు, గుడ్డు, పాలకు ఇది బదులు కాదు.

చిలగడదుంప లేత ఆకులు, చివర్లు కూడా మంచి ఆకుకూర. పప్పులో వేసుకోవచ్చు. కాని బంగాళాదుంప ఆకులు ఎట్టి పరిస్థితుల్లోనూ తినకూడదు, అవి విషం. రెండూ ఒకే పెరట్లో వేసినవారు ఈ తేడా ఇంట్లో అందరికీ, ముఖ్యంగా కూర కోసే పిల్లలకు చెప్పి ఉంచండి.

పచ్చబడిన బంగాళాదుంప

మట్టి ఎగదోయమని ముందు చెప్పింది ఇందుకే. ఎండ తగిలిన బంగాళాదుంప తొక్క పచ్చబడుతుంది. పచ్చదనం హానికరం కాదు కాని దానితో పాటే సోలనిన్ అనే విషం పెరుగుతుంది. వండితే అది పోదు. తిన్న కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతులు, విరోచనాలు, తలనొప్పి వస్తాయి. చిన్నపిల్లలకు ఎక్కువ ప్రమాదం. కొంచెం పచ్చగా ఉంటే ఆ భాగం, మొలక ఉన్న చోటు లోతుగా కోసి పారేయండి. ఎక్కువగా పచ్చబడినా, చేదుగా ఉన్నా మొత్తం పారేయండి. తిన్న తర్వాత వాంతులు మొదలైతే ఇంటి వైద్యం చేయక ఆసుపత్రికి రండి.

కొందరు అడిగే ప్రశ్నలు

షుగరు ఉన్నవాళ్ళు చిలగడదుంప తినవచ్చా? తినవచ్చు, కాని అన్నానికి అదనంగా కాదు, అన్నం తగ్గించి దాని బదులు. ఉడికించినది కాల్చినదానికంటే మేలు. ఒక పూటకు చిన్న దుంప చాలు.

కిడ్నీ జబ్బు ఉన్నవారు? రెండు దుంపల్లోనూ పొటాషియం ఎక్కువ. డాక్టరుగారిని అడగకుండా తినవద్దు. వారు అనుమతిస్తే తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి తినాలి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవారు కూడా ముందుగా అడగడం మంచిది.

గర్భిణులు తినవచ్చా? నిస్సందేహంగా. విటమిన్ 'ఎ' మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగితే కడుపులో బిడ్డకు హాని. కాని దుంప నుంచి వచ్చే బీటా కెరోటిన్‌ను శరీరం తనకు అవసరమైనంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. కనుక ఆ భయం లేదు.

రోజూ తింటే బిడ్డ అరచేతులు పసుపు రంగుకు వచ్చాయి, కామెర్లా? కంటి తెల్లగుడ్డు చూడండి. అది తెల్లగానే ఉండి, మూత్రం మామూలు రంగులో ఉంటే అది కెరోటిన్ రంగే. దుంప కొద్ది వారాలు తగ్గిస్తే పోతుంది. తెల్లగుడ్డు కూడా పచ్చబడితే కామెర్లు కావచ్చు, వెంటనే పరీక్ష చేయించాలి. ఏదైనా సరే, పరీక్ష లేకుండా పసరు మందు మాత్రం పోయించకండి.

గుర్తుంచుకోవలసినవి

1. మన మైదానంలో బంగాళాదుంప రెండు నెలల చలి పంట. వేస్తే త్వరగా ఊరే, వేడి తట్టుకునే రకమే వేయండి.

2. ఇంటి ఆహారం కోసం అయితే లోపల నారింజ రంగు ఉన్న చిలగడదుంప మేలు. పైన రంగు చూసి నిర్ణయించవద్దు, గీరి చూడండి.

3. కనీసం రెండు రకాలు వేయండి.

4. తొక్కతో ఉడికించి, కొంచెం నూనె లేదా నెయ్యితో పెట్టండి.

5. పురుగు పట్టిన చిలగడదుంప, పచ్చబడిన బంగాళాదుంప ఎవరూ తినకూడదు.

6. సందె వేళ బిడ్డ తడుముకుంటున్నాడంటే మరునాటి దాకా ఆగకుండా తీసుకురండి. అది పెంకితనం కాకపోవచ్చు.

తొలకరి తప్పిపోయినా అక్టోబరు ఉంది. ఈలోగా ఇరుగు పొరుగు వారిలో ఎవరి దగ్గర నారింజ రంగు దుంప ఉందో అడిగి తెలుసుకోండి. మీ దగ్గర పండితే మరో ఇద్దరికి తీగలు ఇవ్వండి. చిలగడదుంప తీగ ఎంత కోసినా మళ్ళీ చిగురిస్తుంది, ఇచ్చినవారికి తరిగేది ఏమీ ఉండదు.